సుడి దగ్గర కత్తి

మగవాడి ముఖంలో కత్తికి ఎదురు తిరిగే చోట్లు నాలుగు. ముక్కు కింద పై పెదవి నడిమి పల్లం, గడ్డం బుడిపె, దవడ ఎముక మలుపు తిరిగే మూల, గొంతు ముడి చుట్టూ ఉన్న మెడ. చెంపల మీద నున్నగా జారిపోయిన కత్తి అక్కడికి వచ్చేసరికి తడబడుతుంది. వెంట్రుక తెగక లాగుతుంది. లేదా తెగినట్టే ఉండి సాయంత్రానికల్లా చేతికి గరగరమని తగులుతుంది. రెండు రోజులు పోతే అక్కడే ఎర్రగా పొక్కు లేస్తుంది. అద్దం ముందు నిలబడి, ఉన్నచోటే నాలుగైదుసార్లు బలంగా గీకి, రక్తం కళ్ళజూసి, తన గడ్డం మొండిదని సరిపెట్టుకునేవాళ్ళు ప్రతి ఇంట్లో ఉంటారు. చాలావరకు ఆ మొండితనం వెంట్రుకది కాదు. అది ఎటు వాలి ఉందో తెలియకుండా కత్తి పెట్టడం వల్ల వచ్చిన చిక్కు. ఆ వాలును వేలి కొసతో కనిపెట్టగలగడం మీదే ఒక వృత్తి వందల ఏళ్ళుగా నిలబడింది.

ఆ పనితనం ఎంత విస్తృతమైందో తెలియాలంటే భద్రాచలం లాంటి చోటికి వెళ్ళాలి. నేలకొండపల్లి వాడైన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండగా, 17వ శతాబ్దంలో, గోదావరి ఎడమ గట్టున కట్టించిన రామాలయం అది. దేవుడికి మొక్కుకున్నవాళ్ళు ఇక్కడ తలనీలాలు ఇస్తారు. నది ఒడ్డున స్నానఘట్టాల దాపునే కల్యాణకట్ట. గుండు చేయించుకుని, గోదాట్లో మునిగి, తడిబట్టలు మార్చుకుని గుడిమెట్లు ఎక్కుతారు. శ్రీరామనవమికీ, ముక్కోటి ఏకాదశికీ ఆ వరస తెగదు. 2015 జూలైలో 12 రోజులు సాగిన పుష్కరాలప్పుడు ఒడ్డంతా తలలే. ఒకప్పుడు ఈ నదికి ఒక పక్క నిజాం రాజ్యం, మరో పక్క మద్రాసు రాష్ట్రం. 1965లో వంతెన వచ్చాక రెండు గట్లూ ఒకటయ్యాయి. ఇప్పటికీ ఖమ్మం, కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు, ఛత్తీస్‌గఢ్ వైపు అడవి పల్లెల నుంచి దిగివచ్చే కుటుంబాలు, కొత్తగూడెం గనుల కార్మికులు, అందరూ అదే పీట ముందు తల వంచుతారు.

అందువల్ల ఆ పీట మీద కూర్చున్న క్షురకుడి చేతికి ఒకే పూటలో అన్ని రకాల వెంట్రుకలూ తగులుతాయి. పుట్టువెంట్రుకలు తీయించుకునే ఏడాది పసివాడి తల పట్టులా ఉంటుంది, కానీ క్షణం కుదురుగా ఉండదు. నడివయసు మనిషి తల ఒత్తుగా ఉంటుంది. ముసలాయన తల పలచబడి, వెంట్రుక తెల్లబడి బిరుసెక్కి ఉంటుంది. వాళ్ళందరి నడినెత్తిన ఒక సుడి. తలలో రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళని మన పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. కత్తి పట్టినవాడికి మాత్రం రెండు సుడులంటే రెండుసార్లు దిక్కు మార్చుకోవలసిన పని.

సుడి సంగతి కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే గడ్డంలోని మొండిచోట్లకు మూలం అదే. చర్మం కింద వెంట్రుక కుదురు నిటారుగా ఉండదు, వాలుగా ఉంటుంది. పక్కపక్క కుదుళ్ళన్నీ ఒకేవైపు వాలితే కత్తికి ఒక దారి దొరుకుతుంది. సుడిలో ఆ వాలు గుండ్రంగా తిరుగుతుంది. అందులోంచి ఒక తిన్నని గీత గీస్తే సగం గీత వెంట్రుక వాలుకు అనుకూలంగా, మిగతా సగం దానికి ఎదురుగా పోతుంది. అనుకూలంగా పోయినచోట నునుపు, ఎదురుగా పోయినచోట మంట. నడినెత్తి సుడి అందరికీ తెలుసు. మెడ మీద, గొంతు ముడికి రెండు వైపులా, దవడ కింద చాలామందికి ఇలాంటివే చిన్న సుడులుంటాయని తెలిసినవాళ్ళు తక్కువ. కొందరికి అక్కడ వెంట్రుకలు పైనుంచి కిందికి కాకుండా అడ్డంగా చెవి వైపు పెరుగుతాయి. ఇంకొందరికి కింది నుంచి పైకి. కుడి మెడ ఒక తీరు, ఎడమ మెడ ఇంకో తీరు అయినవాళ్ళూ ఉన్నారు.

అనుభవమున్న క్షురకుడు గుండు గీసేటప్పుడు సుడి నడుమ నుంచి బయటికి చిన్న చిన్న గీతలుగా వస్తాడు. కత్తిని తిప్పడం కన్నా తలను తిప్పడమే ఎక్కువ. రెండో చేత్తో ఆ తలను పట్టుకుని, వాలు ఎటుంటే అటు తన కత్తి ముందుకు తెచ్చుకుంటాడు. గడ్డం దగ్గరా అంతే. నురుగు పెట్టకముందే ఒక్కసారి వేలి కొసలతో మెడను అన్ని వైపులకూ తడుముతాడు. నున్నగా పోయిన వైపు వాలు, గరుకుగా అడ్డుకున్న వైపు ఎదురు. ఆ తడమడం రెండు మూడు సెకన్ల పని. కుర్చీలో కూర్చున్నవాడికి అది పట్టించుకోదగ్గ విషయంగా తోచదు. అక్కడ తప్పితే తరవాత ఎంత పదునైన కత్తి ఉన్నా లాభం లేదు.

రెండో రహస్యం నీళ్ళు. ఇది ఎంత పాతదంటే, అథర్వవేదం ఆరో కాండలోని 68వ సూక్తం క్షవర సందర్భానిదే. సవిత అనే దేవుడు కత్తితో వస్తే, వేడినీళ్ళతో రమ్మని వాయువును పిలుస్తారు అందులో. ఆశ్వలాయన గృహ్యసూత్రంలో పసివాడి చౌలకర్మ చెప్పినచోట చన్నీళ్ళనూ వేడినీళ్ళనూ కలిపి, వెన్నో పెరుగో తీసుకుని తల తడపమన్నారు. కత్తి కన్నా ముందు గోరువెచ్చని నీళ్ళు, ఒక జిడ్డు పదార్థం. వేల ఏళ్ళ తరవాత నేటి సెలూన్‌లో వేడి తువ్వాలు, క్రీము చేస్తున్నది అదే పని.

దీని వెనక కారణం సూటిగానే ఉంది. వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారైంది. పొడిగా ఉన్నప్పుడు దాని లోపలి బంధాలు గట్టిగా ఉంటాయి. నీళ్ళు తగిలితే వాటిలో కొన్ని వదులవుతాయి. వెంట్రుక తన బరువులో దాదాపు 30 శాతం దాకా నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, తెంపడానికి పట్టే బలం బాగా తగ్గుతుంది. అయితే నీళ్ళు చల్లిన మరుక్షణమే ఇది జరగదు. రెండు మూడు నిమిషాలు పడుతుంది. ముఖం మీద జిడ్డు, చెమట, దుమ్ము ఉంటే ఇంకా ఆలస్యం. సబ్బు మొదటి ప్రయోజనం ఆ జిడ్డును తీసి నీటికి దారివ్వడమే. ఆ తరవాతే నురుగు ఆ తడిని ఆరిపోకుండా పట్టి ఉంచుతుంది. భద్రాచలం, కొత్తగూడెం వైపు ఎండాకాలం 45 డిగ్రీలు దాటే రోజుల్లో పట్టించిన నురుగు చూస్తుండగానే ఆరిపోతుంది. ఆరిన నురుగు మీద కత్తి పెట్టడమంటే పొడి గడ్డం గీయడమే. ఒక చెంప అయ్యేసరికి రెండో చెంపకు మళ్ళీ బ్రష్ తిప్పుతున్నారంటే అది చాదస్తం కాదు.

ఊళ్ళలో సబ్బు, బ్రష్ లేని కాలంలో వట్టి నీళ్ళతోనే క్షవరం జరిగేది. చెట్టు కింద ఎదురెదురుగా కూర్చుని, గిన్నెలో నీళ్ళు ముంచి, వేళ్ళతో గడ్డాన్ని నెమ్మదిగా మర్దన చేసేవారు. గీయడానికి పట్టే సమయం కన్నా ఆ మర్దనకు పట్టే సమయం ఎక్కువ. అది ఊసుపోని కబుర్ల కాలక్షేపంలా కనిపించేది. నిజానికి అసలు పనంతా అందులోనే అయిపోయేది, కత్తికి మిగిలేది కొంచెమే. ఇవాళ తొందరలో మనం వదిలేసుకున్నది సరిగ్గా ఆ మూడు నిమిషాలే.

పొడి వెంట్రుక కత్తికి కూడా చేటే. వెంట్రుక కన్నా ఉక్కు దాదాపు 50 రెట్లు గట్టిది, మరి కత్తి ఎందుకు మొద్దుబారుతుందన్న ప్రశ్నకు అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2020 ఆగస్టులో సైన్స్ పత్రికలో జవాబిచ్చారు. వారిలో ఒకరైన జాన్‌లూకా రోషోలీ తన గడ్డం తానే గీసుకుని, ఆ బ్లేడు అంచును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పరీక్షించారు. అంచు నెమ్మదిగా అరిగిపోవడం కన్నా అక్కడక్కడ పెచ్చులుగా ఊడిపోవడం కనిపించింది. ఉక్కు లోపలి నిర్మాణం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. వెంట్రుక వంగుతూ, కత్తికి ఏటవాలుగా, సరిగ్గా ఆ బలహీనమైన చోట తగిలితే పెచ్చు లేస్తుంది. చర్మాన్ని సాగదీసి, నురుగుతో వెంట్రుకలను నిలబెట్టి, వంగడానికి సందివ్వకుండా కోసే పాత పద్ధతికి ఈ ఫలితం మంచి సాక్ష్యంలా తోస్తుంది.

సింగరేణి ప్రాంతంలో ఇంకొకటి తోడవుతుంది. ఇల్లెందులో 19వ శతాబ్దం చివర్లోనే, కొత్తగూడెంలో 1937లో బొగ్గు తవ్వకం మొదలైంది. గని నుంచి పైకొచ్చిన మనిషి గడ్డంలో సన్నటి బొగ్గు దుమ్ము ఉంటుంది. ఆ నలుసులు కత్తి అంచును తినేస్తాయి, చర్మాన్ని గీరుతాయి. అలాంటి గడ్డానికి ముందు సబ్బుతో కడగడమొక పని, మెత్తబరచడానికి మళ్ళీ నురుగు పెట్టడం వేరే పని. వరద రోజుల్లో గోదావరి నీళ్ళలో ఒండ్రుకీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

ఇక కత్తి. మడత కత్తిలో రేకు వెనక వైపు మందంగా వెన్ను, ముందు వైపు పలచగా వాదర. పిడిని పైకి మడిచి, బొటనవేలు కింద, మూడు వేళ్ళు పైన, చిటికెన వేలు తోక మీద పెట్టి పట్టుకుంటారు. గుప్పిట బిగించరు. బిగిస్తే వెంట్రుక చెప్పే మాట చేతికి అందదు. వాదర చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఉండాలి. అంతకన్నా పడుకోబెడితే వెంట్రుకను లాగుతుంది, లేపితే తోలు తెగుతుంది. గీత పొడవు రెండంగుళాలు దాటనక్కరలేదు. మెడ మీద అంగుళమే ఎక్కువ.

మొండిచోట్ల పనితనమంతా నిజానికి ఎడమచేతిది. గుంటలూ బుడిపెలూ ఉన్నచోట కత్తి పనిచేయదు, చదునుగా ఉన్నచోటే చేస్తుంది. కాబట్టి ఎడమచెయ్యి ముఖంలో చదును చోట్లను తయారుచేస్తూ ముందు నడవాలి. పై పెదవి దగ్గర ముక్కు కొసను వేలితో కొద్దిగా పైకి ఎత్తుతారు. గడ్డం బుడిపె దగ్గర కింది పెదవిని పళ్ళ మీదికి లోపలికి ముడవమంటారు. గొంతు ముడి మీద నేరుగా గీయరు. "అన్నా, కొంచెం అటు తిరుగు" అని తలను ఒక పక్కకు తిప్పించి, ముడి మీది చర్మాన్ని రెండు వేళ్ళతో పక్కనున్న మెత్తని చోటికి లాగి అక్కడ గీస్తారు. చర్మం వదలగానే అది తిరిగి ముడి మీదికి వెళ్ళిపోతుంది, గుట్టుచప్పుడు కాకుండా శుభ్రమై. దవడ మూల దగ్గర చర్మాన్ని చెవి వెనక్కి లాగి, ఎముక మీద ఉన్న వెంట్రుకలను చెంప మీదికి తెచ్చుకుంటారు. ఈ కదలికల్లో ఏదీ బలంతో అయ్యేది కాదు.

అప్పటికీ లొంగని వెంట్రుకకు ఏటవాలు కోత ఉంది. కత్తిని తిన్నగా కిందికి నెట్టకుండా, ముందుకు పోతున్నప్పుడే కొంచెం పక్కకు కూడా జరిగేలా గీస్తారు. వరి కోసేటప్పుడు కొడవలి మొదళ్ళను గుద్దదు, ఒరుసుకుంటూ వంపుగా లాగుతుంది, తక్కువ బలంతో తెగుతుంది. ఇక్కడా అదే. అయితే ఈ కోత చేయి తిరిగినవాళ్ళకే. ముందుకు కదలకుండా ఉత్తగా పక్కకు జరిగిందంటే తోలు చీలినట్టే. ఇంట్లో స్వయంగా గీసుకునేవాళ్ళు దీన్ని మెడ మీద మొదలుపెట్టకపోవడం మంచిది.

మొదటిసారి వాలు వెంట, మళ్ళీ నురుగు పెట్టి రెండోసారి అడ్డంగా. చాలామందికి అక్కడితో చాలు. మూడోసారి ఎదురు గీయడం పెళ్ళికొడుకు కోరే నునుపు కోసం. అన్ని మెడలూ దాన్ని తట్టుకోలేవు. మంచి పనివాడికి గుర్తు ఎక్కడ ఆపాలో తెలియడం. సుడి దగ్గర నాలుగు వెంట్రుకలు కాస్త గరుకుగా మిగిలితే, వాటిని అలాగే వదిలేసి పటిక తీసుకునేవాడి చేతిలో మెడ పెట్టవచ్చు. వాటి కోసం పొడి చర్మం మీద మళ్ళీ మళ్ళీ గీకేవాడి దగ్గర జాగ్రత్త పడాలి.

పాత కత్తికి పదును పెట్టడం ఒక ప్రత్యేక విద్య. సానరాయి మీద వాదర ముందు నడుస్తుంది, తోలు పట్టా మీద వెన్ను ముందు నడుస్తుంది. ఈ రెండూ తారుమారైతే తోలు తెగుతుంది, పదును పోతుంది. రాయి మీదికి ఎప్పుడో గానీ వెళ్ళరు. తోలు మీద మాత్రం ప్రతి గడ్డానికీ ముందు తిప్పుతారు, వంగిపోయిన సన్నని అంచు మళ్ళీ నిటారుగా నిలబడేందుకు. ఇంగ్లండులోని షెఫీల్డ్, జర్మనీలోని సోలింగెన్ పట్టణాల కత్తులకు లోకమంతటా గిరాకీ ఉండేది. అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్‌కు 1904లో సేఫ్టీ రేజర్ మీద పేటెంటు దక్కాక మగవాళ్ళు ఇంట్లోనే గడ్డం గీసుకోవడం మొదలైంది. మన ఊళ్ళకు ఆ అలవాటు నెమ్మదిగా చేరింది.

ఈ విద్య ఉన్న చేతులు గడ్డాలకే పరిమితం కాలేదన్నది తెలుగువాళ్ళు గుర్తుంచుకోవలసిన విషయం. 1909లో అచ్చయిన థర్‌స్టన్, రంగాచారి దక్షిణ భారత కులాల గ్రంథంలో మంగళ్ళను క్షురకులుగానే కాక వాద్యకారులుగా కూడా పేర్కొన్నారు. పెళ్ళిలో సన్నాయి, డోలు వారివే. కురుపు కోయడం, కట్టు కట్టడం వారి పనే. ఆడవాళ్ళు మంత్రసానులుగా ఊళ్ళో బిడ్డలను ఈ లోకంలోకి తెచ్చారు. ఇప్పుడు నాయీబ్రాహ్మణులుగా పిలుచుకునే వీరు వైద్యదేవుడైన ధన్వంతరిని తమ కులదైవంగా కొలవడంలో ఆ చరిత్ర ఉంది. ఇన్ని పనులకు ప్రతిఫలంగా పంట కళ్ళాల దగ్గర కొలిచిచ్చే మేర గింజలు దక్కేవి. గౌరవం మాత్రం కొలతకు రాలేదు. పుట్టినప్పుడు, పెళ్ళిలో, చావులో, ఏ గడపలోనైనా ఆ చెయ్యి లేనిదే తంతు నడవదు. అదే వృత్తి పేరును మాత్రం తిట్టుగా వాడుకున్నాం. ఇది సిగ్గుపడవలసిన సంగతి. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత విద్యుత్తు ఇవ్వడం చిన్న దుకాణాలకు పనికొచ్చిన చర్య. వేలితో వాలు కనిపెట్టే నేర్పును కూడా ఒక నైపుణ్యంగా నమోదు చేసి నేర్పించే ఏర్పాటు అంతకన్నా అవసరం. తిరుమల కల్యాణకట్టలో మహిళా క్షురకులు పనిచేస్తున్నారు. ఈ విద్య మగవాడి చేతికే వస్తుందన్న మాట అక్కడ నిలవలేదు.

ఇప్పుడు కల్యాణకట్టలోనైనా, సెంటర్‌లోని సెలూన్‌లోనైనా పాత మడత కత్తి కనిపించడం అరుదు. అదే ఆకారంలో ఉన్న పిడిలో సగానికి విరిచిన బ్లేడు ముక్క పెట్టి, ఒక మనిషికి ఒక ముక్క వాడి పారేస్తున్నారు. ఇది రావలసిన మార్పు. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం వారం రోజులు బతికి ఉండగలదు. కంటికి కనిపించనంత రక్తం చాలు, ఒకరి నుంచి ఇంకొకరికి సోకడానికి. కుర్చీలో కూర్చున్నవాళ్ళు కొత్త బ్లేడు తమ కళ్ళ ముందే విరిచి పెట్టమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. దాంతో చేతి పని కూడా మారింది. పాత కత్తి బరువు దాని పని అది చేసేది. బ్లేడు ముక్క తేలిక, మరీ పదును, కొంచెం ఒత్తినా దిగిపోతుంది. సానా తోలూ నేర్చుకోనక్కరలేకపోయినా, వాలు, తడి, ఎడమచేతి పని మాత్రం మునుపటికన్నా ఎక్కువ తెలియాలి.

వెంట్రుక ఉంగరాలు తిరిగినవాళ్ళకు సమస్య ఇంకో రూపంలో వస్తుంది. గీసిన వెంట్రుక మొన వాడిగా ఉండి, వంపు తిరిగి, తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. దాని చుట్టూ పొక్కు లేస్తుంది. ఆఫ్రికా మూలాలున్న పురుషుల్లో ఇది మరీ ఎక్కువ. మన దగ్గరా మెడ మీద ఇలాంటి పొక్కులున్నవాళ్ళు కనిపిస్తారు. మూడు నాలుగు బ్లేడుల రేజర్ వెంట్రుకను పైకి లాగి చర్మం మట్టం కన్నా కిందికి కోస్తుంది కాబట్టి ఇది పెరుగుతుంది. ఒంటి అంచు కత్తి చర్మం మట్టానికే కోస్తుంది, ఆ మేరకు మేలు. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. చర్మాన్ని బాగా సాగదీసి గీస్తే, వదలగానే తెగిన మొన లోపలికి పోతుంది. అందుకే ఈ బాధ ఉన్నవాళ్ళకు చర్మాన్ని లాగవద్దని, ఎదురు గీయవద్దని చర్మ వైద్యులు చెబుతారు. నునుపు కోసం నేర్చుకున్న ఎడమచేతి పనిని ఇలాంటి మెడ మీద తగ్గించుకోవాలి. వాలు వెంట ఒక్కసారి గీసి వదిలేయాలి.

పొక్కులో చిక్కిన వెంట్రుకను సూదితోనో, గోటితోనో తవ్వి తీయడం చాలామంది చేసే పని. దానివల్ల మచ్చ పడుతుంది, చీము పడుతుంది. కొన్ని వారాలు అక్కడ కత్తి పెట్టకుండా వదిలేసి, రోజూ వేడినీళ్ళలో ముంచి పిండిన మెత్తని గుడ్డను కాసేపు అద్దితే వెంట్రుక తనంతట బయటికి వస్తుంది. బయటికి వచ్చాక చర్మానికి కాస్త ఎత్తులోనే కత్తెరతో కత్తిరించుకోవచ్చు. పటిక చిన్న గాట్లకు రక్తం ఆపడానికి పనికొస్తుంది, చీము పట్టిన పొక్కుకు కాదు. మధుమేహం ఉన్నవాళ్ళు మెడ మీద పొక్కు తగ్గకపోతే ఇంటి వైద్యంతో కాలం గడపకుండా డాక్టరుకు చూపించుకోవాలి. తగ్గాక మళ్ళీ మొదటిసారి గీయించుకునేటప్పుడు ఆ చోటును క్షురకుడికి వేలితో చూపించి చెబితే, అతను అక్కడ అడ్డంగా పోకుండా వాలు వెంట మాత్రమే గీస్తాడు.